ఉలవలూ - ఉయ్యాలా

"అత్తా, ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోవుగదా?" అంది మా మేనకోడలు.

నవలలు రాసేవాళ్ళను ఎవరైనా ఇలా అడిగారంటే, కోపం వచ్చే మాటే అడగబోతున్నారని తెలుసుకోవాలి. ఇరవై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. "మీ నవల చదివానండీ, బాగుంది గాని..." అని మొదలుపెట్టే బాపతే ఇదీను. అయినా చంటిబిడ్డ తల్లి, కాదనకూడదని అడగమన్నాను.

"నీ నవలల్లో ఒక్క హీరోయినైనా థీసిస్ పూర్తిచేసిందా?"

నవ్వేసి ఊరుకుందామనుకొన్నాను. కాని ఆ పిల్ల నవ్వడంలేదు. ఒళ్ళో బుడ్డోడు పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయాడు. వాడి వీపు మీద చెయ్యివేసి నా మొహంకేసే చూస్తోంది. సరే, వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. తొమ్మిది నవలలు. అందులో ఇద్దరు నాయికలు కాలేజీ లెక్చరర్లు. వాళ్ళు క్లాసులో పాఠం చెబుతున్నట్టు నేనెక్కడా రాసిన గుర్తులేదు. ఎప్పుడు చూసినా స్టాఫ్‌రూములో కిటికీ పక్కన కూర్చుని వానకేసి చూస్తుంటారు. ఒకమ్మాయి మాత్రం హంపీ శిథిలాల మీద పరిశోధన చేసింది. పదిహేనో వారందాకా చేసింది. పదహారో వారంలో కథానాయకుడు కనిపించాడు. చివరి వారంలో ఆ థీసిస్ కాగితాలు పెట్టె అడుగున పెట్టి, పైన పిల్లవాడి బట్టలు మడిచిపెట్టింది. ఆ ముగింపు చదివి ఏడ్చామని పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిని దాచుకొన్నాను కూడా.

"లేదు పాపా" అన్నాను.

"అదే అనుకొన్నాను" అంది. పిల్లవాణ్ణి చీర ఉయ్యాలలో వేసి అవతలకు వెళ్ళిపోయింది.

దీనికి ముందు జరిగింది చెబితేగాని ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో మీకు తెలియదు. అది జనవరి నెల. మా పలమనేరు కొండమీది ఊరు. ఎండాకాలంలోనే చల్లగా ఉంటుందని పేరు. ఇక జనవరిలో తెల్లవారుజామున నోరు తెరిస్తే పొగ వస్తుంది. అనపకాయల కాలం కూడాను. మా అన్నయ్యగారింట్లో అందరం నడవలో కూర్చుని, నానబెట్టిన గింజలు పితుకుతున్నాం. పితకపప్పు పులుసు, రాగిసంగటి లేకపోతే మాకు సంక్రాంతి వచ్చినట్టే ఉండదు. అప్పుడు వచ్చింది పోస్టులో ఆ ఉత్తరం. మా మేనకోడలు పరిశోధన చేస్తున్న విశ్వవిద్యాలయం నుంచి. పేరు చెప్పను. చెప్పి ఒరిగేదేమీ లేదు. ఇన్ని నెలలుగా హాజరు లేదు, కారణం పదిహేను రోజుల్లో తెలియజేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది అని దాని సారాంశం.

కారణం ఉయ్యాలలో ఊగుతోంది. అయిదో నెల నడుస్తోంది.

ఆ పిల్ల పరిశోధన ఉలవల మీద. నవ్వకండి. మా ఇంట్లో అందరూ నవ్వేశారు, మీ వంతు అక్కర్లేదు. "ఉలవచారు కాచేదానికి డాక్టరేటెందుకే?" అని మా అన్నయ్య మొదటిరోజే అన్నాడు. ఉలవల్లో మాంసకృత్తులు బాగానే ఉన్నాయట. కాని ఆ మాంసకృత్తులు మన కడుపులో జీర్ణం కాకుండా అడ్డుపడే పదార్థం కూడా ఆ గింజలోనే ఉందట. గింజకది రక్షణ. మనకది ఇబ్బంది. దాన్ని విడదీసి, ఏ రకం ఉలవల్లో ఎంత ఉందో, ఎంత వేడికి చస్తుందో చూడాలి. వానలేని మా నేలల్లో ఏ పంటా రానప్పుడు కూడా వచ్చేది ఉలవే కదా. బీదవాడి పప్పు. ఇదంతా వింటున్న మా అమ్మ, "నానేసి మొలక కట్టి వండితే అరక్కుండా యాడికి పోతుంది?" అంది. మా మేనకోడలు పకపకా నవ్వి, లేచివెళ్ళి ఆ మాట నోటుబుక్కులో రాసుకొంది. మొలకెత్తిస్తే ఆ పదార్థం తగ్గుతుందని కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు ఎన్ని ప్రయోగాలు చేశారో! మా అవ్వల కాలం నుంచీ ఆ పనే చేస్తున్నాం మేము, ఎందుకో తెలియకుండా.

సరే, ఉత్తరం సంగతి.

"మూడేండ్లు చదివింది చాలదా మే? అల్లుడు బెంగుళూరులో బాగనే సంపాదిస్తా ఉండాడు" అన్నాడు అన్నయ్య.

"బిడ్డ పెద్దోడైనాక చూసుకోవచ్చులే. పరిచ్చలు యాడికి పోతాయి?" అంది వదిన.

అల్లుణ్ణి ఫోనులో అడిగారు. మంచివాడు. "నీ ఇష్టం" అన్నాడట. ఈ "నీ ఇష్టం" అనే మాట గురించి ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును. అడ్డు చెప్పినట్టూ కాదు, చెయ్యి వేసినట్టూ కాదు. బరువంతా మళ్ళీ అడిగినవాళ్ళ నెత్తిమీదికే వస్తుంది.

అందరూ నాకేసి చూశారు. చదువుకొన్నదాన్ని, నలుగురికీ తెలిసినదాన్ని. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "వదిన చెప్పేదీ నిజమే" అన్నాను. అనేసి అనపగింజలు పితుక్కుంటూ కూర్చున్నాను. ఆ రాత్రే ఆ ప్రశ్న అడిగింది.

నాకు నిద్రపట్టలేదు. మదనపల్లెలో బి.ఏ. చదివిన రోజులు గుర్తుకొచ్చాయి. ఆ ఊళ్ళో చదివినవాళ్ళెవరికైనా ఒక కథ కంఠతా వచ్చి ఉంటుంది. 1919లో టాగూరు మదనపల్లె వచ్చారు. 1915లో పెట్టిన థియొసాఫికల్ కాలేజీలో బసచేశారు. 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. బాణీని స్వరపరిచి రాసిపెట్టింది ప్రిన్సిపాలుగారి భార్య మార్గరెట్ కజిన్స్. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఆ దొరసాని పియానో వాయించుకొంటూ కూర్చున్న ఇల్లాలు అని నేను చాలాకాలం అనుకొన్నాను. ఆమె ఐర్లండులో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం పోరాడి జైలుకు వెళ్ళొచ్చిన మనిషి అనీ, 1917లో అనిబిసెంటుతో కలిసి భారత మహిళా సంఘాన్ని పెట్టిందనీ, ఆడపిల్లల చదువు కోసం 1927లో అఖిల భారత మహిళాసభ పుట్టడానికి ఆమే ముఖ్యకారకురాలనీ నాకు చాలా ఏళ్ళ తర్వాతగాని తెలియలేదు. పాట గుర్తుపెట్టుకొన్నాం, మనిషిని వదిలేశాం.

నాకూ అప్పుడొక పిచ్చి ఉండేది. పుంగనూరు పాలెగాళ్ళ చరిత్ర మీద పరిశోధన చెయ్యాలని. తిరుపతిలో 1983లోనే ఆడపిల్లలకోసం పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. మా నాయన నన్ను అక్కడికి పంపడానికి సగం ఒప్పుకొన్నారు కూడా. మిగతా సగం ఒప్పుకొనేలోగా సంబంధం వచ్చింది. నాకేం పెద్ద బాధ కలగలేదు, నిజం చెప్పొద్దూ! మధ్యాహ్నాలు తీరిక దొరికింది, నవలలు రాసుకొన్నాను. నవలకు గైడు అక్కర్లేదు, లాబరేటరీ అక్కర్లేదు, హాజరు అంతకన్నా అక్కర్లేదు. అన్నం ఉడికేలోగా ఒక పేజీ రాయవచ్చు. ఆడవాళ్ళు ఇంతమంది నవలలు రాయడానికీ, ఇంత తక్కువమంది పరిశోధకులు కావడానికీ కారణం ఇదేనేమోనని నాకో అనుమానం. అన్నం పొయ్యిమీద పెట్టి ఉలవల్లో మాంసకృత్తులు విడదీయడం కుదరదు కదా.

తెల్లవారుజామున బుడ్డోడు లేచి ఏడుస్తుంటే వెళ్ళి చూశాను. ఆ పిల్ల మేలుకొనే ఉంది.

"అత్తా, కమలా సొహొనీ పేరు విన్నావా?"

వినలేదన్నాను. బిడ్డకు పాలిస్తూ ఆ చలిలో ఆ కథంతా చెప్పింది. ఆమె అప్పటి పేరు కమలా భాగవత్. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ. మొదటి స్థానంలో పాసయింది. బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధనకు దరఖాస్తు పెట్టింది. తండ్రీ, బాబాయీ ఇద్దరూ అక్కడ చదివినవాళ్ళే. ఆడపిల్ల గనక చేర్చుకోమన్నారు. అన్నది ఎవరనుకొన్నారు? డైరెక్టరు సర్ సి.వి. రామన్! అప్పటికే నోబెల్ బహుమతి వచ్చిన మనిషి. ఈవిడ నేరుగా బెంగుళూరు వెళ్ళి, కారణం చెప్పందే కదలనని కూర్చుంది. చివరికి ఒక ఏడాది పరీక్షగా చూస్తాం, అప్పటిదాకా రెగ్యులర్ విద్యార్థివి కావు అన్న షరతుమీద చేర్చుకొన్నారు. ఆ ఏడాది గడిచాక రామన్‌గారు తన అభిప్రాయం మార్చుకొన్నారు. తర్వాత ఇంకా కొందరు ఆడపిల్లలను చేర్చుకొన్నారు. ఈవిడ కేంబ్రిడ్జి వెళ్ళి 1939లో పిహెచ్.డి. తీసుకొంది. సైన్సులో ఆ పట్టా అందుకొన్న మొదటి భారతీయ స్త్రీ అని చెబుతారు.

"ఇంతకీ ఆమె బెంగుళూరులో దేనిమీద పనిచేసిందో తెలుసా అత్తా? పాలు, పప్పుదినుసుల్లో మాంసకృత్తుల మీద."

అప్పుడర్థమయింది నాకు ఆ పిల్ల కళ్ళల్లో మెరుపు. పలమనేరు నుంచి బెంగుళూరు మూడు గంటల బస్సు ప్రయాణం. చీరలకీ, పెళ్ళిసంబంధాలకీ, కంటి డాక్టరు దగ్గరకీ ఎన్నిసార్లు వెళ్ళలేదు! ఆ ఊళ్ళో ఒక ఆడపిల్ల ఇలా పట్టుబట్టి కూర్చుందని నాకెవరూ చెప్పలేదు. అన్నా మణి కథ కూడా చెప్పింది. ఆమె రామన్‌గారి దగ్గరే పనిచేసి, వజ్రాలమీద అయిదు పరిశోధనపత్రాలు వేసి, 1945లో థీసిస్ ఇస్తే, ఎమ్మెస్సీ పట్టా లేదని మద్రాసు విశ్వవిద్యాలయం పిహెచ్.డి. ఇవ్వలేదట. ఆవిడేం కుంగిపోలేదు. వాతావరణ పరికరాల నిపుణురాలై మనదేశ వాతావరణశాఖలో పెద్ద పదవిదాకా వెళ్ళింది.

"అవన్నీ పాతరోజులు లేవే. ఇప్పుడు ఆడపిల్లల్ని చేర్చుకోం అనేవాళ్ళెవరు?" అన్నాను.

"ఎవరూ అనరు. అదే కష్టం" అంది.

తన ఫోనులో ప్రభుత్వంవారి లెక్కలు చూపించింది. 2021-22లో దేశంలో సైన్సు చదువుతున్నవాళ్ళలో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. చూశారా, మనమే ఎక్కువ! పిహెచ్.డి.లో చేరినవాళ్ళలోనూ ఇంచుమించు సగంమంది ఆడవాళ్ళే. అదే ఏడాది కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠం చెప్పేవాళ్ళను చూస్తే నూరుగురు మగవాళ్ళకు 77 మంది ఆడవాళ్ళు. ఇక పరిశోధనే వృత్తిగా ఉన్నవాళ్ళను చూస్తే, అయిదుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా ఆడమనిషి కాదు. ఇంతమంది మధ్యలో ఏమయ్యారు? ఎవరూ గెంటెయ్యలేదు. మా నడవలో జరిగినట్టే ఎక్కడో అనపగింజలు పితుకుతూ ఎవరో "బిడ్డ పెద్దోడైనాక చూసుకోవచ్చులే" అని ఉంటారు. పక్కనే నాలాంటి అత్త "నిజమే" అని ఉంటుంది.

ఆ పిల్ల గైడు కూడా మంచివారే. కాన్పుకు వచ్చేముందు ఆయనతో చెబితే, "బిడ్డను చూసుకోమ్మా, పరిశోధన ఎక్కడికి పోతుంది?" అన్నారట. ఈవిడగారు నోటిమాటే చాలనుకొని సెలవుచీటీ కూడా రాసివ్వకుండా వచ్చేసింది. పరిశోధన ఎక్కడికీ పోలేదు. ఆ పిల్ల బల్ల మాత్రం కొత్తగా చేరిన కుర్రాడికి పోయింది.

ఇంకో సంగతి. స్నేహితురాలొకామె ఫోను చేసి చెబితేగాని తెలియలేదు, పిహెచ్.డి. చేసే ఆడపిల్లలకు మొత్తం కాలంలో ఒకసారి 240 రోజులదాకా ప్రసూతి సెలవు ఇవ్వవచ్చునని యూజీసీ 2016 నిబంధనల్లోనే రాసింది. గడువులో రెండేళ్ళ సడలింపు కూడా ఉంది. 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఆ సెలవును ఉంచారు. మా ఊరి పశుపరిశోధన కేంద్రంలో పుంగనూరు పొట్టి ఆవుల్ని పెంచుతారు. మూడడుగుల ఎత్తు కూడా ఉండవు, చూడముచ్చటగా ఉంటాయి. ఈ 240 రోజుల మాట విని మా అమ్మ, "ఆ పొట్టావు ఈనితే ఎంతమంది చూస్తారో పోయి చూడు. ఆ మాత్రం తెలీదా మీ యూనివర్సిటీవోళ్ళకి?" అంది. పోలిక బాగులేదని వదిన విసుక్కుంది. నాకు బాగానే ఉందనిపించింది.

ఆ శుక్రవారం తెల్లవారి బస్సుకు ముగ్గురం బయల్దేరాం. నేను, ఆ పిల్ల, బుడ్డోడు. ఎందుకు వస్తానన్నానో నాకే తెలియదు. బహుశా ఆ తొమ్మిది నవలల లెక్క గొంతులో అడ్డుపడి ఉంటుంది.

ఆ డిపార్టుమెంటు వరండాలో గోడనిండా ఫొటోలు. ఇదివరకటి అధ్యక్షులట. పధ్నాలుగు ఫొటోలు, పదమూడు టైలు, ఒక చీర. ఆ చీర ఫొటో కింద తేదీలు చూస్తే ఏడాదిన్నరే. మా అమ్మాయి ఆఫీసుగదిలోకి వెళ్ళింది. నేను పిల్లవాణ్ణెత్తుకొని వరండాలో అటూయిటూ తిరుగుతున్నాను. పిల్లవాణ్ణి పడుకోబెట్టే చోటు లేదు. యాభైమందీ, అంతకన్నా ఎక్కువమందీ ఉద్యోగులున్న సంస్థల్లో పసిపిల్లల గది ఉండాలని 2017లో చట్టం సవరించారు. "నేను ఉద్యోగినిని కాదు కదత్తా, స్కాలర్ని" అని మా అమ్మాయి బస్సులోనే చెప్పింది.

అటెండరు పని చేసే ఆమె నన్ను చూసి, "ఈ గదిలోకి తీసుకురామ్మా, గాలి తగల్దు" అని ఒక సామాన్ల గది తెరిచింది. బెంచీమీద నా శాలువా పరిచి వాణ్ణి పడుకోబెట్టాను. అక్కడొక పాత బీరువా. దాని అద్దంలోనుంచి వరసగా నోటుపుస్తకాలు కనిపిస్తున్నాయి. అట్టలమీద గుండ్రటి చేతిరాత.

"ఎవరివి?" అన్నాను.

"ముందొకామె ఉండేది. శానా బాగా చదివేది. రాత్రి ఎనిమిదైనా కదిలేది కాదు. పాప పుట్టినాక రాలేదు. వస్తాది, వస్తాది అని ఎవురూ తీసెయ్యలేదు. ఏడేండ్లు అయిపోయ" అంది.

బీరువాకు తాళం లేదు. ఒక పుస్తకం తీసి చూశాను. నాకు ఒక్క ముక్క అర్థంకాలేదు. అంకెలు, గీతలు, తేదీలు. సగం పేజీదాకా ఉన్నాయి. తర్వాత తెల్లకాగితాలు. హంపీ అమ్మాయి పెట్టె గుర్తుకొచ్చింది. నవలలో రాసినప్పుడు అది ఎంత అందంగా ఉందనుకొన్నానో! పుస్తకం ఉన్నచోటే పెట్టేశాను.

గైడుగారి గదిలోకి నన్ను కూడా పిలిచారు. పెద్దమనిషి. లేచి నమస్కారం చేశారు. నా పేరు చెప్పగానే మొహం విప్పారింది. "మీరా! మా ఆవిడ మీ సీరియల్ ఒక్కటీ వదలదండీ. నేను కూడా అప్పుడప్పుడు చూస్తుంటాను" అన్నారు. పొంగిపోయాను. ఆయన మా అమ్మాయివైపు తిరిగి, "చూడమ్మా, నీకెందుకింత హైరానా? మీ అత్తగారి నాయికే చెప్పింది కదా, బిడ్డ నవ్వుకన్నా పెద్ద పట్టా లేదని" అన్నారు.

మీలో ఎవరికైనా ఎప్పుడైనా మీరు వండిన కూరలోనే రాయి పంటికింద తగిలిందా? నాకా క్షణంలో అలా అయింది. ఆ వాక్యం నాదే. పదకొండో నిమిషంలో, ముగింపు పంపమని సంపాదకులు తొందరపెడుతుంటే రాసిపారేసిన వాక్యం. అది ఏడాదికి పైగా ప్రయాణంచేసి, ఇక్కడ, ఈ బల్లదగ్గర, నా మేనకోడలి దారికి అడ్డంగా నిలబడింది.

"అదీ... ఆ అమ్మాయి తప్పు చెప్పిందండీ" అన్నాను.

ఆయన అర్థంకానట్టు చూశారు.

"అప్పుడు నాకు తెలియక రాశాను. ఈ పిల్లకు పట్టా కావాలి, బిడ్డ నవ్వూ కావాలి. మీకు పిల్లలున్నారా అండీ?"

"ఇద్దరండీ."

"మీ థీసిస్ నాటికి పెద్దబాబు వయసెంత?"

ఆయన ఒక్కక్షణం ఆలోచించి నవ్వేశారు. "పుట్టి నెల్లాళ్ళు" అన్నారు. తర్వాత నవ్వు తగ్గించి, "నేను వాణ్ణి చూడ్డానికి కూడా వెళ్ళలేదు లెండి. మావాళ్ళు పుట్టింట్లో ఉన్నారు" అన్నారు మెల్లగా.

మా అమ్మాయి నిబంధనల కాగితం ఆయన ముందు పెట్టింది. కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివారు. "ఇది నాకు తెలియదమ్మా" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే తెలియదు. గుమాస్తాను పిలిచారు. ఆయనకూ తెలియదు. దీనికి ఫారం లేదండీ అన్నాడు. ఫారం లేకపోతే తెల్లకాగితం మీద రాయించండి అన్నారు గైడుగారు. పుట్టిన తేదీ నుంచి 240 రోజులు సెలవు కోరుతూ దరఖాస్తు రాసింది. కింద ఆయన సిఫారసు రాసి సంతకం పెట్టారు. "బల్ల సంగతి?" అంది ఆ పిల్ల, గుమ్మందాకా వచ్చి వెనక్కు తిరిగి. నా మేనకోడలే! ఆయన తడబడి, చూద్దామన్నారు.

సెలవు మంజూరు కావడానికి ఇంకా నాలుగు ఉత్తరాలు, మూడు ఫోన్లు పట్టాయి. అదంతా ఎందుకులెండి. బల్ల మాత్రం తిరిగి రాలేదు. ఆ సామాన్ల గది ఖాళీచేసి ఇచ్చారు. బీరువా అందులోనే ఉంది. పై అర మా అమ్మాయిది, కింది అరలో ఆ పాత నోటుపుస్తకాలు. వాటిని ఎవరు తీసెయ్యబోయినా ఈ పిల్ల ఒప్పుకోవడంలేదట.

బుడ్డోడికి ఇప్పుడు తొమ్మిదో నెల. రాగిజావ తాగుతున్నాడు. వాళ్ళమ్మ వారంలో మూడురోజులు అక్కడా, మిగతారోజులు ఇక్కడా. మా అన్నయ్య మాత్రం ఇప్పటికీ "ఉలవల డాక్టరమ్మ" అనే అంటాడు. కాని తెల్లవారి బస్సుకు టార్చిలైటు పట్టుకొని స్టాండుదాకా దిగబెట్టి వచ్చేది ఆయనే. అల్లుడు శనాదివారాలు వచ్చి పిల్లవాడికి స్నానం చేయిస్తున్నాడు. వదినకు అది బొత్తిగా నచ్చలేదు. నీళ్ళు సరిగా పొయ్యడంలేదని వెనకే నిలబడి చూస్తుంటుంది. మొన్న మా సంపాదకులు ఫోన్ చేశారు. ఇప్పుడు నడుస్తున్న సీరియల్ ఆరువారాల్లో ముగించాలి, పెళ్ళి ఏ వారంలో పెడుతున్నారు అని. ఇందులో నాయిక వేరుశనగ తెగుళ్ళమీద పనిచేస్తోంది. పెళ్ళి ఉంటుంది గాని, దానికిముందు ఆ పిల్లకు చేలో ఇంకా ఒక పంటకాలం పని మిగిలి ఉందన్నాను. పంటకాలమంటే ఎన్ని వారాలండీ అన్నారు పాపం.

నిన్న సాయంత్రం ఏడుగంటలకు మా మేనకోడలి నుంచి ఫోను.

"అత్తా, కాలమ్ నడుస్తోంది. రాత్రంతా గంటకోసారి గొట్టాలు మార్చాలి. మధ్యలో వదిలేస్తే నెలరోజుల పని పోతుంది. ఈ రాత్రికి ఇక్కడే హాస్టల్లో ఉండిపోతాను. వాడు నిద్రపోయాడా?"

"ఎప్పుడో పోయాడు. నువ్వు నీ పని చూసుకో" అన్నాను.

వాడు నా భుజంమీద తలెత్తి, ఫోనులోంచి వస్తున్న గొంతుకేసి కళ్ళు పెద్దవి చేసుకొని చూస్తున్నాడు. వాడి నోరు నా అరచేత్తో మెల్లగా మూసి, ఫోను పెట్టేశాను.